తేమసీమలో క్యాండిడా: పథ్యము, గృహవైద్యము, మందు

విశాఖపట్టణపు రేవునుండి బంగాళాఖాతముపై సుమారు 1200 కిలోమీటర్లు పయనించినచో అండమాను దీవులు కానవచ్చును. ఇచ్చట ఏటికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వర్షము కురియును. మే నెలలో నైరుతి ఋతుపవనముతో మొదలగు వానలు ఈశాన్య ఋతుపవనముతో డిసెంబరు వరకు సాగును. ఆ కాలమున ఆరవేసిన బట్ట రెండు దినములు గడచినను చెమ్మ వీడదు. 2011 జనగణనము ప్రకారము ఈ దీవులలో నూటికి 13 మందికి మాతృభాష తెలుగు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబములు వారిలో పెక్కు గలవు.

2024 వరకు పోర్టుబ్లెయిరు అని పిలువబడిన శ్రీ విజయపురములో జంగ్లీఘాటు చేపల రేవు గలదు. అట్టి రేవులో చేపలు వేరుచేసి, మంచులో సర్ది, గంపకెత్తి అమ్ముకొను నలువదియైదేండ్ల గృహిణి నొకతెను ఊహించుకొనుడు. తెల్లవారుజామునుండి మధ్యాహ్నమువరకు తడిసిన చీరతోనే ఆమె పని. కొన్ని మాసములుగా ఆమెకు మర్మస్థానమున దురద, మంట, విరిగిన పాలవంటి తెల్లబట్ట. చేతివ్రేళ్ళ నడుమ చర్మము తెల్లగా నాని పగిలినది. సిగ్గుచేత భర్తకును చెప్పలేదు. పొరుగామె నిమ్మరసముతో కడుగుకొమ్మన్నది. మరియొకామె వెల్లుల్లి నూరి పెట్టుకొమ్మన్నది. దుకాణమునుండి తెచ్చిన గొట్టపు లేపనము పూయగా నాలుగు దినములు చల్లబడి, అటుపిమ్మట బాధ రెట్టింపైనది. ఎవరో చెప్పగా అన్నము, పండ్లు, పాలు అన్నియు మానివేసెను. నీరసించినది గాని దురద తగ్గలేదు.

ఈమె ఏ యొక్క స్త్రీయు కాదు. దీవులలోను, కోనసీమలోను, గోదావరి తీరమునను ఇట్టి గృహిణులు ఎందరో గలరు. స్త్రీలలో ప్రతి నలుగురిలో ముగ్గురికి జీవితములో ఒక్కసారియైనను ఈ బాధ కలుగునని వైద్యుల అంచనా. దీనికి సులభమైన చికిత్స గలదు. అయినను ఏండ్లతరబడి పలువురు బాధపడుచుండుటకు కారణము మందు లేకపోవుట కాదు, మూలకారణమును వెదకకపోవుటయే.

దేహములోని పాత కాపురస్థుడు

క్యాండిడా యనునది ఈస్టు జాతికి చెందిన శిలీంద్రము. కల్లు పులియుటకు తోడ్పడు ఈస్టులకు ఇది దూరపు బంధువు. దీని రకములలో మనుష్యులకు మిక్కిలి పరిచితమైనది క్యాండిడా ఆల్బికాన్స్. ఇది బయటినుండి దండెత్తి వచ్చు శత్రువు కాదు. ఆరోగ్యవంతులైన ఎందరి నోటిలోను, ప్రేగులలోను, స్త్రీల జననమార్గములోను ఇది ఏ హానియు చేయక నివసించుచుండును. అచ్చటనే లాక్టోబాసిల్లై మొదలైన మేలుచేయు బాక్టీరియాలు కూడ నుండి దానిని అదుపులో నుంచును. చర్మపు గోడ, దేహపు రోగనిరోధకశక్తి దానికి కావలి కాయును.

కావున క్యాండిడాను దేహమునుండి సమూలముగా నిర్మూలించుట సాధ్యము కాదు, అవసరమును కాదు. అది హద్దు మీరకుండ చూచుకొనుటయే కర్తవ్యము. హద్దు మీరినచో పసిపిల్లల నాలుకపై తుడిచినను సులభముగా పోని తెల్లని పూతగా, స్త్రీలలో దురదతో గూడిన తెల్లబట్టగా, గజ్జలలోను చంకలలోను రొమ్ముల క్రిందను ఎఱ్ఱని ఒరుపుగా, నిత్యము నీటిలో చేతులుంచువారి వ్రేళ్ళ నడుమ నానిన పుండుగా అది బయటపడును.

హద్దు మీరుటకు కారణములు

వీనిలో మొదటిది తేమ. వెచ్చదనము, తడి, గాలి సోకని మడతలు శిలీంద్రములకు ప్రీతిపాత్రములు. అండమానులో ఈ మూడును ఏడాదిలో అధికభాగము సమకూడియుండును.

రెండవది మధుమేహము. రక్తములో చక్కెర అధికమైనప్పుడు అది మూత్రములోనికిని, దేహపు స్రావములలోనికిని చేరును. క్యాండిడాకు అది సిద్ధాన్నము. అంతేగాక రోగనిరోధకశక్తియు సన్నగిల్లును. మరల మరల వచ్చు దురదయే తనకు మధుమేహమున్నదని తెలియని వ్యక్తికి తొలి హెచ్చరిక కావచ్చును. మధుమేహమునకు వాడు కొన్ని కొత్త మాత్రలు, ఉదాహరణమునకు డాపాగ్లిఫ్లోజిన్, చక్కెరను మూత్రముద్వారా వెడలగొట్టును. అందువలన ఈ బాధ కలుగు అవకాశము హెచ్చును. అట్లని ఆ మాత్రలను స్వయముగా మానరాదు; వైద్యునికి తెలుపవలెను.

మూడవది యాంటిబయాటిక్ మందులు. ఈ కథలో తెలుగువారికి పరిచితమైన పేరొకటి గలదు. 1895లో భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనాధిపతిగా నుండగా, 1948లో అచ్చటినుండి ఆరియోమైసిన్ వెలువడినది. అనేకవిధములైన బాక్టీరియాలను ఒక్కటే అణచు అట్టి మందులు కోట్ల ప్రాణములను కాపాడినవి. కాని అవి చెడ్డ బాక్టీరియాతోపాటు మేలు బాక్టీరియాను కూడ తుడిచివేయుటచేత, కాపలా లేని చోట క్యాండిడా విజృంభించుట వైద్యులు గమనించిరి. 1950లో న్యూయార్కు రాష్ట్ర ఆరోగ్యశాఖకు చెందిన ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అను ఇరువురు శాస్త్రవేత్తలు మట్టిలోని సూక్ష్మజీవినుండి నిస్టాటిన్ అను మందును కనుగొన్న సంగతి ప్రకటించిరి. మనుష్యులకు సురక్షితముగా ఉపకరించిన తొలి శిలీంద్రనాశక యాంటిబయాటిక్ అదియే. తమకు రాదగిన రాయల్టీ ధనమునంతయు వారు విజ్ఞానపరిశోధనకే అర్పించిరి. జలుబునకును, సామాన్యజ్వరమునకును యాంటిబయాటిక్ మాత్రలు కొని మ్రింగువారు ఈ చరిత్రను జ్ఞాపకముంచుకొనుట మంచిది.

గర్భధారణము, స్టిరాయిడ్ మందుల వాడకము, హెచ్.ఐ.వి. మొదలైన రోగనిరోధకశక్తిని తగ్గించు వ్యాధులు, రాత్రియు తీయని కట్టుడుపళ్ళు కూడ కారణములు. ఉబ్బసమునకు స్టిరాయిడ్ మందును పీల్చువారు పీల్చిన వెంటనే నీటితో పుక్కిలించి ఉమ్మివేసినచో నోటి పూత చాలవరకు తప్పును.

పథ్యము చేయగల మేలు

"క్యాండిడాకు చక్కెర ఆహారము, కావున తీపి, అన్నము, పండ్లు మానినచో అది ఆకలితో చచ్చును" అను వాదము వినుటకు ఇంపుగానుండును. 1980వ దశకములో అమెరికాలో వెలువడిన కొన్ని పుస్తకములు అలసట, తలనొప్పి, మనోవ్యాకులత మొదలైన సకల బాధలకు క్యాండిడాయే మూలమని చాటినవి. ఆ కఠిన పథ్యములు నేడు ప్రపంచమంతట ప్రచారములో నున్నవి. ఇట్టి బాధలుగల స్త్రీలకు నిస్టాటిన్ ఇచ్చి, ఉత్తుత్తి మందుతో పోల్చి చూచిన పరీక్ష యొకటి 1990లో ప్రకటింపబడినది. జననమార్గపు దురద తగ్గినదిగాని, అలసట మొదలైన సర్వాంగ బాధల విషయములో నిస్టాటిన్ ఉత్తుత్తి మందుకంటె మిన్నగా పనిచేయలేదు. కఠిన పథ్యముచేత క్యాండిడా వ్యాధి నయమగునని నిరూపించు బలమైన సాక్ష్యము నేటికిని లేదు.

అయినచో ఆహారమునకు ఏ పాత్రయు లేదా? కలదు. మధుమేహము గలవారిలో రక్తపు చక్కెరను అదుపులో నుంచు ఆహారమే క్యాండిడాకు నిజమైన పథ్యము. ప్రతి పూటయు పళ్ళెమునిండ తెల్లన్నము, దినమునకు అయిదారు మార్లు చక్కెర టీ త్రాగు అలవాటుగల ఇండ్లలో మొదట టీలోని చక్కెరను తగ్గించవలెను. పిదప అన్నపు పాలు తగ్గించి, ఆ స్థానమున పప్పు, కూర, చేప పెంచవలెను. దీవులలో చేప సమృద్ధిగా దొరకును. వేపుడుకంటె పులుసు మేలు. ఓడపై వచ్చు కూరగాయల ధర హెచ్చుగానున్నప్పుడు పెరటిలో పెంచిన తోటకూర, బచ్చలి, మునగాకు ఆ లోటు తీర్చును. పండును పండుగానే తినవలెను. రసము తీసి చక్కెర కలుపరాదు.

రక్తహీనత గలవారికి నోటిమూలలు పగిలి పుండ్లగుట, నోటిలో క్యాండిడా పెరుగుట అధికము. ఇనుము గల ఆకుకూరలు, పప్పులు, చేప, మాంసము వారికి అవసరము. అన్నియు మానివేసి శుష్కించిన దేహము ఈ శిలీంద్రమును ఎదిరింపజాలదు. గర్భిణులును, బాలెంతలును కఠిన పథ్యములను ఎంతమాత్రము చేయరాదు.

గృహవైద్యములలో గుణదోషములు

పెరుగు మంచి ఆహారము. అందు మేలుచేయు బాక్టీరియాలు గలవు. చక్కెర కలుపని పెరుగును, మజ్జిగను దినము పుచ్చుకొనవచ్చును. కాని పెరుగు తినుటచేతనే దురద నయమగునని నిర్ధారణ కాలేదు. దానిని జననమార్గమున పెట్టుట కూడదు.

కొబ్బరినూనె దీవులలో ఇంటింట నుండును. ప్రయోగశాలలో అది క్యాండిడాను అణచినట్లు పరీక్షలు తెలుపుచున్నవి. పొడిబారిన చర్మమునకు పూయుట మేలే. కాని గాజుపాత్రలో జరిగినదెల్ల దేహములో జరుగదు. తడి మడతలలో నూనె దట్టించినచో చెమ్మ మరింత నిలుచును.

వెల్లుల్లికిని ప్రయోగశాలలో శిలీంద్రములను అణచు శక్తి గలదు. కాని మెల్‌బోర్నులో స్త్రీలపై జరిగి 2014లో ప్రకటింపబడిన పరీక్షలో, వెల్లుల్లి మాత్రలు మ్రింగుటచేత జననమార్గములోని క్యాండిడా తగ్గినట్లు తేలలేదు. కూరలో, పచ్చడిలో వెల్లుల్లి తినుటకు అభ్యంతరము లేదు. పచ్చి వెల్లుల్లిని నూరి సుకుమారమైన చర్మముపై పెట్టినచో అది కాల్చి బొబ్బలెక్కించును. నిమ్మరసము, వెనిగారు, సోడా, డెట్టాలు నీరు లోపల పోసి కడుగుటయు హానికరమే. ఆ కడుగుట మేలు బాక్టీరియాను కూడ వెడలగొట్టును. జననమార్గము తన్ను తాను శుభ్రపరచుకొనును. బయటిభాగమును మంచినీటితో కడిగి తుడుచుకొన్న చాలును.

నోని పండు అండమానులో విరివిగా కాయును. దాని రసమును సర్వరోగనివారిణిగా అమ్మువారు గలరు. క్యాండిడాను నయము చేయునని మనుష్యులలో అది నిరూపింపబడలేదు. అందు పొటాషియము అధికము. కావున మూత్రపిండముల వ్యాధి గలవారు దానిని త్రాగుట ప్రమాదకరము.

అన్నిటికంటె ముఖ్యముగా హెచ్చరింపవలసిన ఆచారమొకటి తెలుగు ఇండ్లలో నేటికిని కలదు. పసిబిడ్డ నోట తెల్లని పూత కనిపించగనే పెద్దలు వెలిగారమును పొంగించి తేనెలో కలిపి నాలుకకు రాయుదురు. వెలిగారము పసిబిడ్డలకు విషము, ఫిట్లు కలిగించును. ఏడాది నిండని బిడ్డకు తేనె కూడ పెట్టరాదు. అందుండగల ఒకవిధమైన బాక్టీరియా బిడ్డ ప్రేగులలో విషమును పుట్టించి ప్రాణముమీదికి తెచ్చును. బిడ్డ నోటికి వైద్యుడిచ్చిన చుక్కలు వాడవలెను. తల్లి చనుమొనలకు మంట, నొప్పి యున్నచో ఆమెకును చికిత్స జరుగవలెను. చనుబాలు మాన్పించ నవసరము లేదు.

చెమ్మను తగ్గించుకొనుట

గృహవైద్యములన్నిటిలో నమ్మదగినది పొడిదనము. దీనికి ఖర్చు లేదు, దోషమును లేదు.

రేవుపని ముగియగనే తడిబట్టలు విడిచి, మడతలను మెత్తని గుడ్డతో రుద్దక అద్ది తుడిచి, పొడి నూలుబట్టలు కట్టుకొనవలెను. లోదుస్తులు నూలువై వదులుగానుండవలెను. వానకాలమున ఎండ లేనప్పుడు వానిని పొయ్యివేడిమికిగాని ఇస్త్రీపెట్టెవేడిమికిగాని పూర్తిగా ఆరబెట్టి తొడుగవలెను. చెమ్మబట్టను "ఒంటిమీదనే ఆరును" అని కట్టుకొనరాదు. చేపలు కడుగువారు నూలు తొడుగుపై రబ్బరు తొడుగు ధరించి, నడుమనడుమ తీసి చేతులు ఆరబెట్టుకొనవలెను. ఋతుకాలమున గుడ్డలుగాని ప్యాడ్లుగాని కొలది గంటలకొకసారి మార్చవలెను. పరిమళపు సబ్బులు, పౌడర్లు ఆ భాగమున వాడరాదు.

మందు, దాని క్రమము

క్లోట్రిమజోల్ లేపనము, జననమార్గమున ఉంచు బిళ్ళ, ఫ్లుకోనజోల్ మాత్ర మొదలైనవి నేటి మందులు. సామాన్యమైన బాధ సరియైన మందుతో కొలది దినములలోనే శమించును. గర్భిణులు ఫ్లుకోనజోల్ మాత్ర మ్రింగరాదు. వారికి వైద్యులు సాధారణముగా ఏడు దినముల పైపూత మందునే ఇత్తురు. దురద తగ్గినదని మందును నడుమ మానరాదు.

దుకాణములో అడిగి తెచ్చుకొను గొట్టపు లేపనములలో అనేకములందు శిలీంద్రనాశకముతో బాటు తీవ్రమైన స్టిరాయిడ్ కలిసియుండును. స్టిరాయిడ్ ఎఱ్ఱదనమును, దురదను తాత్కాలికముగా కప్పిపుచ్చును. లోలోపల శిలీంద్రము బలియును, చర్మము పలుచబడును. రేవులోని గృహిణికి నాలుగు దినములు సుఖమిచ్చి పిదప బాధను రెట్టింపు చేసినది ఇదియే.

మందును ఇష్టానుసారము వాడుటవలన కలుగు మరియొక కీడు మందులకు లొంగని శిలీంద్రములు పెరుగుట. ఈ విషయములో అండమాను పేరు ప్రపంచ వైద్యశాస్త్రమున కెక్కినది. క్యాండిడా ఆరిస్ అను మొండి రకమును 2009లో జపానులో తొలుత గుర్తించిరి. అది అనేకదేశముల ఆసుపత్రులలో, ముఖ్యముగా తీవ్రచికిత్స పొందు రోగులలో ప్రబలినది. అది ప్రకృతిలో ఎచ్చట నివసించునో అప్పటికి ఎవరికిని తెలియదు. ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు చెందిన వల్లభభాయి పటేలు చెస్టు ఇన్‌స్టిట్యూటులోని డాక్టరు అనురాధా చౌదరిగారును, సహచరులును అండమాను తీరములనుండి మట్టిని, నీటిని సేకరించి పరీక్షించిరి. ఒక ఉప్పునీటి చిత్తడినేలలోను, ఒక ఇసుకతీరమునను ఆ శిలీంద్రము దొరకినది. 2021లో ఈ ఫలితము ప్రకటింపబడినది; దానిని ప్రకృతిలో కనుగొనుట అదియే మొదటిసారి. దొరకిన వానిలో మందులకు లొంగునదియు, లొంగనివియు నుండెను. 2022లో ప్రపంచ ఆరోగ్యసంస్థ వెలువరించిన ప్రమాదకర శిలీంద్రముల పట్టికలో ఆరిస్, ఆల్బికాన్స్ రెండును మొదటి తరగతిలో చేర్చబడినవి.

దీనిని విని సముద్రతీరమున నడచుటకు భయపడ నవసరము లేదు. ఆరిస్ ఆరోగ్యవంతులను సాధారణముగా బాధింపదు. గృహిణులకు కలుగు దురదకును దానికిని సంబంధము కల్పింపరాదు. ఉన్న కొలది మందులను వైద్యుని సలహాతో, నియమిత కాలము వాడి, వాని శక్తిని కాపాడుకొనవలె ననునదే ఇందలి పాఠము.

వైద్యునియొద్దకు వెళ్ళవలసిన సమయము

తెల్లబట్ట యంతయు క్యాండిడా కాదు. స్రావము దుర్వాసనగలదైనను, పచ్చగానున్నను, రక్తము కలిసినను, పొత్తికడుపున నొప్పియో జ్వరమో యున్నను కారణము వేరు. ముట్లుడిగిన పిదప రక్తము కనిపించినచో ఒక్క దినమైనను ఉపేక్షింపరాదు. అది గర్భాశయపు క్యాన్సరు సూచన కావచ్చును. మొదటిసారి దురద కలిగినప్పుడును, ఏడాదిలో మూడు నాలుగు మార్లు తిరుగబెట్టినప్పుడును, గర్భిణులు ఎప్పుడైనను పరీక్ష చేయించుకొనవలెను. పెద్దల నోటిలో కారణము తెలియని తెల్లని పూతయు, మ్రింగునప్పుడు నొప్పియు కలిగినచో రక్తపు చక్కెర, హెచ్.ఐ.వి. పరీక్షలు తప్పక జరుగవలెను.

ప్రాథమిక ఆరోగ్యకేంద్రములును, శ్రీ విజయపురములోని గోవింద వల్లభ పంతు ఆసుపత్రియు ఇందులకు గలవు. మగవైద్యునితో చెప్పుటకు జంకువారు నర్సుతోనో, ఆశా కార్యకర్తతోనో మొదట చెప్పవచ్చును. ఈ బాధ నడతకు సంబంధించినది కాదని, అపరిశుభ్రతకు శిక్ష కాదని ఇంటివారు గ్రహించినచో ఆ జంకు సగము తీరును.

రేవులోని ఆ గృహిణి అట్లు ఒకనాడు నర్సుతో చెప్పుకొన్నదనుకొనుడు. ఆరోగ్యకేంద్రములో వ్రేలినుండి రక్తపుచుక్క తీసి చూడగా చక్కెర మిక్కుటముగానున్నది. దురదకు బిళ్ళ, మధుమేహమునకు మాత్ర, చేతులకు తొడుగు, పని ముగియగనే మార్చుకొనుటకు సంచిలో ఒక పొడిచీర: ఇంతియే ఆమె చికిత్స. మానివేసిన పాలు, పండ్లు తిరిగి ఆమె విస్తరిలోనికి వచ్చును; టీలోని చక్కెర మాత్రము తొలగును. దురదకు మందు వెదకబోయి ఆమె అంతకంటె పెద్ద వ్యాధిని కన్నులకును, మూత్రపిండములకును, పాదములకును కీడు కలుగకమునుపే పట్టుకొన్నది. ఆమె అడుగుటకు జంకి మరియొక వానకాలము ఓర్చుకొనియున్నచో ఆ యవకాశము దక్కకపోవును.